అవతలి గొంతు

విశాఖ రేవుకు వచ్చే ఓడ ఏ దేశానిదైనా, దాని రూపు కనబడకముందే గొంతు వినబడుతుంది. ఓడ నడిపే అధికారి వీహెచ్‌ఎఫ్ రేడియో బొత్తాం నొక్కి, తన ఓడ పేరు చెప్పి పోర్ట్ కంట్రోల్‌ను పిలుస్తాడు. పిలుపుకైనా ఆపదకైనా ప్రపంచ సముద్రాలన్నిటిలో ఒకటే చానల్: 16. దాని పౌనఃపున్యం 156.8 మెగాహెర్ట్జ్. మధ్యలో టవరు లేదు, ఎక్స్‌ఛేంజి లేదు, సిమ్ లేదు. ఒకరు మాట్లాడుతున్నంతసేపూ మిగతావాళ్లు ఆగాలి. ఆ చానల్ పెట్టుకుని, అందేంత దూరంలో ఉన్న ప్రతి ఓడకూ మరబోటుకూ ఆ మాట చేరుతుంది. పిలిచేవాడు ముందు తానెవరో చెప్పుకోవాలి. అది అక్కడి నియమం.

అదే ఓడ తీరానికి ఇంకొంచెం దగ్గరపడితే నావికుల జేబుల్లో ఫోన్లు మోగడం మొదలవుతుంది. అక్కడ మాట ప్రయాణించే పద్ధతే వేరు. సముద్రం మీద రేడియో మాట దశాబ్దాలుగా పెద్దగా మారలేదు. ఒడ్డున ఉన్న ఫోన్ మాట మాత్రం గత 30 ఏళ్లలో లోపలి నుంచి పూర్తిగా మారిపోయింది. వాడేవాళ్లకు ఆ మార్పు కంటికి కనబడదు. చెవికి ఆనించుకుని ‘హలో’ అంటే చాలు. ఆ ‘హలో’కు లోపల ఏం జరుగుతోందో, అవతలివాళ్లు ఎవరో తెలుసుకోవడం ఇప్పుడెందుకు కష్టమైందో చూడాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ట్రంకాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకున్న రోజులు చాలామంది పెద్దవాళ్లకు గుర్తే. ఇంట్లో ఫోన్ లేనివాళ్లు విజిటింగ్ కార్డు మీద పక్కింటివాళ్ల నంబరు వేయించుకుని, పక్కన ‘పీపీ’ అని రాయించుకునేవారు. దేశంలో తొలి ఎస్టీడీ సౌకర్యం 1960లో కాన్పూర్, లక్నోల మధ్య వచ్చింది. అది వీధి చివరి పసుపు బోర్డుల దాకా రావడానికి మరో పాతికేళ్లకు పైనే పట్టింది. 0891 తిప్పి విశాఖలోని ఇంటికి మాట్లాడాలనుకునే విద్యార్థులు, ఉద్యోగులు రాత్రి 11 దాకా ఆగేవారు. అప్పుడు పావు ధర. బూత్ బయట వరసలో నిలబడ్డవాళ్ల కళ్లన్నీ లోపల తిరుగుతున్న మీటరు మీదే ఉండేవి.

1995 జులై 31న అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మొబైల్‌లో మాట్లాడారు. దేశంలో మొదటి మొబైల్ కాల్ అదే. ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లో సేవలు మొదలుపెట్టిన కంపెనీలు టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్. మొదటిది తర్వాత ఐడియాలోకి, రెండోది ఎయిర్‌టెల్‌లోకి చేరాయి. ఆ రోజుల్లో నిమిషానికి 16 రూపాయల దాకా పడేది. ఫోన్ వచ్చినా డబ్బే, చేసినా డబ్బే. నంబరు చూసి, ఎత్తాలా వద్దా అని లెక్కలు వేసుకునేవారు. 2003 మేలో కాల్ చేసేవాళ్లే ఖర్చు భరించే పద్ధతి వచ్చాక గానీ ఇన్‌కమింగ్ ఉచితం కాలేదు. మిస్డ్ కాల్ అనే భాష అప్పుడే బలపడింది. ఒక్కసారి మోగి ఆగితే ‘బయల్దేరాను’ అని, రెండుసార్లయితే ‘చేరాను’ అని. పైసా ఖర్చు లేకుండా కబురు పంపేందుకు జనం కనిపెట్టిన పద్ధతి అది.

ఫోన్‌లో వినిపించే గొంతు నిజానికి పూర్తి గొంతు కాదు. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు వినగలదు. పాత టెలిఫోన్ మాత్రం 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే పంపేది. మాట అర్థం కావడానికి ఇంత చాలు, మిగతాది పంపడం దండగ అని ఇంజినీర్లు తేల్చారు. అచ్చులు ఆ హద్దులో చక్కగా ఇమిడిపోతాయి. స, శ, ఫ లాంటి ధ్వనుల బలం మాత్రం చాలావరకు ఆ హద్దుకు పైనే ఉంటుంది. ఫోన్‌లో ఊరి పేరో ఇంటిపేరో చెబుతూ ‘సీతలో స’, ‘ఫలంలో ఫ’ అని విడమరచాల్సి వచ్చేది అందుకే. లోపం పలికేవాళ్లలో లేదు, వినేవాళ్లలోనూ లేదు. ఆ అక్షరాన్ని పోల్చుకోవడానికి కావలసిన శబ్దాన్ని తీగ అసలు మోయనే లేదు.

డిజిటల్ ఎక్స్‌ఛేంజీలు వచ్చాక గొంతు అంకెలుగా మారింది. సెకనుకు 8,000 సార్లు ధ్వని ఎత్తును కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్లలో రాస్తారు. అంటే సెకనుకు 64,000 బిట్లు. ఇద్దరు మాట్లాడుకుంటున్నంతసేపూ ఆ 64 కిలోబిట్ల జాగా వాళ్లకే రాసిచ్చినట్టు. ఇద్దరూ మౌనంగా ఉన్నా అది ఖాళీగా ఉండేదే తప్ప ఇంకొకరికి దక్కేది కాదు. దీన్ని సర్క్యూట్ స్విచింగ్ అంటారు. ఖరీదైన పద్ధతే అయినా నమ్మకమైనది.

మొబైల్‌కు అంత జాగా లేదు. గాలిలోని తరంగాలు పరిమితం, వాడేవాళ్లు లక్షల్లో. ఇక్కడ కాన్పూర్‌లో పుట్టి అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన బిష్ణు అటల్ పేరు తలచుకోవాలి. మాట అనేది ఊపిరి, స్వరతంత్రులు, నాలుక, పెదవులు కలిసి చేసే పని. కాబట్టి ధ్వనిని యథాతథంగా పంపనక్కర్లేదు, ఆ క్షణంలో నోరు ఏ ఆకారంలో ఉందో వర్ణించి పంపితే అవతల దాన్ని మళ్లీ పుట్టించవచ్చు. లీనియర్ ప్రిడిక్టివ్ కోడింగ్ వెనకున్న ఆలోచన ఇది. 1985లో ఆయన మాన్‌ఫ్రెడ్ ష్రోడర్‌తో కలిసి ప్రతిపాదించిన సెల్ప్ పద్ధతి మీదే, గొంతును కుదించి మళ్లీ విప్పే తర్వాతి మొబైల్ కోడెక్‌లు చాలావరకు నిలబడ్డాయి. 64 కిలోబిట్లు పట్టిన గొంతు 12.2 కిలోబిట్లలో ఇమిడింది. మొబైల్‌లో మనం వింటున్నది అవతలి మనిషి గొంతు నుంచి వచ్చిన తరంగం కాదు. ఆ గొంతు వర్ణన చదివి మన ఫోన్ తయారుచేసిన గొంతు. ఈ విషయం తెలిశాక ఆశ్చర్యపోకుండా ఉండటం కష్టం.

దీనివల్ల ఒక చిక్కుంది. కోడెక్‌కు తెలిసింది మనిషి నోరు ఒక్కటే. పెళ్లిమండపం నుంచి ఫోన్ చేసి ‘సన్నాయి విను’ అంటే అవతలివాళ్లకు గరగర తప్ప రాగం అందదు. ఉక్కు కర్మాగారంలోనూ ఇదే ఇబ్బంది. విశాఖ స్టీల్‌ప్లాంట్‌లోని మూడు బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. అలాంటి ఫర్నేసుల హోరులో, రోలింగ్ మిల్లు మోతలో మామూలు ఫోన్ మాట నిలవదు. ఫోన్లలో రెండో మైకు వచ్చింది ఇందుకే. నోటి దగ్గరి మైకు మాటనూ మోతనూ కలిపి పడుతుంది. ఇంకో కొసనున్న మైకు ఎక్కువగా మోతనే పడుతుంది. రెంటినీ పోల్చి మోతను తీసేస్తే మాట మిగులుతుంది. ఇప్పుడీ పనిని యంత్ర అభ్యసన నమూనాలు కూడా చేస్తున్నాయి. అలాంటి షెడ్లలో ఇంకో అడ్డంకి ఉక్కు రేకులే. అవి రేడియో తరంగాలను లోపలికి రానివ్వవు. అక్కడ టవరు బదులు వైఫై మీదుగా మామూలు నంబరుతోనే కాల్ వెళ్లే పద్ధతి ఆదుకుంటుంది. మన దేశంలో ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో ఈ వైఫై కాలింగ్‌ను తెచ్చాయి.

అసలు మలుపు 4జీతో వచ్చింది. 4జీ నెట్‌వర్క్‌ను డేటా కోసమే కట్టారు. అందులో గొంతుకంటూ ప్రత్యేకమైన సర్క్యూట్ లేదు. తొలినాళ్లలో 4జీ ఫోన్‌కు కాల్ వస్తే అది చప్పున 3జీకో 2జీకో దిగి, మాట్లాడటం అయ్యాక మళ్లీ 4జీకి ఎక్కేది. కాల్ కలవడానికి కొన్ని సెకన్ల నిశ్శబ్దం, ఆ సమయంలో నెట్ ఆగిపోవడం, రెండూ దాని ఫలితాలే. ఈ అవస్థకు మందుగా వచ్చిందే వోల్టీ. ఇందులో గొంతును 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తారు. సెకనుకు 50 ముక్కలు. ఒక్కో ముక్కలో గొంతు వర్ణన 31 బైట్లు ఉంటే, దాని మీద రాయాల్సిన చిరునామా వగైరా 60 బైట్లు! ఉత్తరం కన్నా కవరు బరువెక్కువన్నమాట. అందుకని టవరుకూ ఫోన్‌కూ మధ్య ఆ చిరునామాను నాలుగైదు బైట్లకు కుదిస్తారు. ప్రతిసారీ మొత్తం రాయకుండా, మారిన అంకెలు మాత్రమే రాస్తారు.

ముక్కలైన గొంతుకు జాప్యం పనికిరాదు. వెబ్ పేజీ అర సెకను ఆలస్యమైనా ఎవరూ పట్టించుకోరు గానీ, అందులో ఒక్క అక్షరం పోకూడదు. గొంతు సంగతి దీనికి తలకిందులు. నూటికి ఒక ముక్క పోయినా ఫోన్ ముందు ముక్కను సాగదీసి సర్దేస్తుంది. ఆలస్యమైతే మాత్రం ఇద్దరూ ఒకరి మాటకు ఒకరు అడ్డుపడతారు. అందుకే వోల్టీ మాటకు నెట్‌వర్క్ ప్రత్యేక తరగతి కేటాయించింది. గాలిలో, నెట్‌వర్క్ లోపలి కోర్‌లో కలిపి జాప్యం 100 మిల్లీసెకన్లకు మించకూడదన్నది లక్ష్యం. వాట్సాప్ కాల్‌కు ఈ హోదా ఉండదు. అది వీడియోలతో, ఫొటోలతో కలిసి సాధారణ డేటాగానే వెళుతుంది. ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో వేలమంది ఒకే టవరు మీద పడినప్పుడు వాట్సాప్ గొంతు తెగిపోతున్నా, నంబరుకు నేరుగా చేస్తే మాట నిలుస్తుంది. తేడా అక్కడుంది. పైగా వోల్టీ వెడల్పాటి కోడెక్‌తో 7,000 హెర్ట్జ్ వరకు పంపగలదు. స, శ, ఫ తిరిగి వచ్చాయి.

2016 సెప్టెంబరు 5న రిలయన్స్ జియో వచ్చింది. దానికి 2జీ లేదు, 3జీ లేదు. ప్రతి కాల్ డేటాయే. మాటకు డబ్బు తీసుకోబోమని ప్రకటించింది. అప్పటికి ఒక కంపెనీ చందాదారు ఇంకో కంపెనీ నంబరుకు చేస్తే, చేసిన కంపెనీ అందుకున్న కంపెనీకి నిమిషానికి 14 పైసలు కట్టాలి. ఆ 14 పైసల మీద, కంపెనీల మధ్య ఇవ్వాల్సిన లింకుల మీద పెద్ద రగడే నడిచింది. 2017 అక్టోబరులో అది 6 పైసలయింది. 2021 జనవరి 1న సున్నా. నిమిషాల లెక్క కట్టే మీటరు, పసుపు బోర్డు బూత్‌లో ఎర్ర అంకెలతో భయపెట్టిన ఆ మీటరు, అక్కడితో లేకుండా పోయింది. ఎయిర్‌టెల్ లెక్కల్లో ఒక్కో చందాదారు నెలకు సగటున మాట్లాడేది వెయ్యి నిమిషాలు దాటింది. జనం మాట్లాడటం మానేసి టైపు చేస్తున్నారన్న మాట వింటూంటాం. అంకెలు వేరే చెబుతున్నాయి.

విశాఖకు 5జీ 2022 డిసెంబరులో వచ్చింది. 5జీలో నేరుగా గొంతు పంపే పద్ధతిని జియో వాడుతోంది. మాట సముద్రం దాటే దారీ మారబోతోంది. గూగుల్ 2025 అక్టోబరు 14న విశాఖలో 1,500 కోట్ల డాలర్ల ఏఐ కేంద్రాన్ని ప్రకటించినప్పుడు, దానితోపాటు అంతర్జాతీయ సముద్రగర్భ కేబుళ్లను ఈ తీరానికి చేర్చే సంగతీ చెప్పింది. డేటా కేంద్రం గురించి జరిగినంత చర్చ కేబుళ్ల గురించి జరగలేదు. అమెరికాలో ఉన్న కొడుకుతోనో కూతురితోనో వాట్సాప్‌లో మాట్లాడే ప్రతి మాటా ఇలాంటి కేబుళ్ల మీదే నడుస్తుంది.

మాట చవకైంది, స్వచ్ఛమైంది. కానీ అది నెట్‌వర్క్ మీద, నెట్‌వర్క్ కరెంటు మీద ఎంతగా ఆధారపడిందో విశాఖ 2014 అక్టోబరు 12న చూసింది. మధ్యాహ్నానికి హుద్‌హుద్ తుపాను నగరం మీదే తీరం దాటింది. గాలుల వేగం గంటకు 180 కిలోమీటర్లు. కైలాసగిరి మీది వాతావరణ రాడార్ మూగబోయింది. టవర్లు కొన్ని కూలాయి. నిలబడ్డవాటికి కరెంటు లేదు, జనరేటర్లలో డీజిల్ అయిపోయింది, చెట్లు పడి ఫైబర్ తెగింది. ఆ రోజు చేతిలో ఉన్న ఫోన్ టార్చిలైటుగా తప్ప పనికిరాలేదు. హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ నుంచి హ్యామ్ రేడియో ఆపరేటర్లు వచ్చి బ్యాటరీలతో, తీగ యాంటెన్నాలతో అధికారుల మధ్య మాట నడిపారు. మధ్యలో టవరు అక్కర్లేని పాత పద్ధతే ఆ రోజు ఉపయోగపడింది.

నగరానికి పడమటి దిక్కున, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లాలో, తుపాను లేని రోజుల్లోనూ ఇదే పరిస్థితి చాలాకాలం నడిచింది. 108కు ఫోన్ చేయాలన్నా సిగ్నల్ అందే కొండ మీదికి ఎక్కాల్సిన గూడేలుండేవి. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి 100 జియో టవర్లు ప్రారంభమైతే వాటిలో అత్యధికం ఈ జిల్లాలోవే. 2025 సెప్టెంబరులో బీఎస్ఎన్ఎల్ స్వదేశీ 4జీ దేశమంతటా మొదలైంది. కొండల్లో ఒక్క టవరు మాటతో పాటు అంబులెన్సును, పింఛన్ వేలిముద్రను, రేషన్ యంత్రాన్ని కూడా తెస్తుంది. లాభం లెక్కలతో చూస్తే ఆ టవరు ఎప్పటికీ నిలబడదు. అందుకే అక్కడ ప్రభుత్వ డబ్బు ఉండి తీరాలి.

ఇక మాటకు పట్టిన కొత్త జబ్బు. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. విదేశాల్లో డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, గాజువాక చుట్టుపక్కల కుర్రాళ్ల దగ్గర లక్షన్నర దాకా వసూలు చేసి, కంబోడియాకు పంపిన ఏజెంట్లు వాళ్లు. అక్కడ దిగాక పాస్‌పోర్టులు లాక్కున్నారు. గోడల మధ్య బంధించి, భారతీయులకే ఫోన్లు చేసి మోసగించే పని అప్పగించారు. మీ పేరుతో వచ్చిన కొరియర్ పార్సిల్‌లో మాదకద్రవ్యాలున్నాయని బెదిరించడం, షేర్లలో లాభాలని ఊరించడం, చిన్న చిన్న ‘టాస్కులు’ ఇచ్చి పెద్ద మొత్తం లాగడం. ఎదురు తిరిగితే దెబ్బలు, తిండి కోత. మే 20న సిహానూక్‌విల్‌లో సుమారు 300 మంది భారతీయులు తిరగబడ్డారు. తొలి విడతగా 60 మందిని భారత రాయబార కార్యాలయం బయటికి తెచ్చి పంపింది. వాళ్లలో విశాఖ కుర్రాళ్లూ ఉన్నారు. ఆ మోసాల్లో సొమ్ము పోగొట్టుకున్నవాళ్లకు వినబడినది ఒక దొంగ గొంతు. ఆ గొంతు వెనకున్నవాడి మీద ఇంకొకడి కర్ర ఉందని వాళ్లకు తెలిసే వీలే లేదు. ఒకే ఫోన్ కాల్ రెండు కొసల్లోనూ మనవాళ్లే నలిగిపోయారు.

ఇది ఎలా సాధ్యమైంది? పాత సర్క్యూట్ పద్ధతిలో కాల్ ఏ తీగ నుంచి వచ్చిందో ఎక్స్‌ఛేంజికి తెలుసు. ముక్కలై నెట్ మీద వచ్చే గొంతు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడం అంత తేలిక కాదు. తెరమీద కనిపించే నంబరు కాల్‌తోపాటు పంపే ఒక అంకె మాత్రమే, దాన్ని మార్చి పంపవచ్చు. సిమ్ బాక్స్ అనే పెట్టెలో పదుల, వందల సిమ్‌లు పెట్టి, విదేశం నుంచి నెట్ మీద వచ్చిన కాల్‌ను పక్కవీధి నంబరుగా మార్చవచ్చు. 2024 అక్టోబరులో టెలికాం శాఖ, విదేశాల నుంచి వస్తూ భారతీయ నంబర్లుగా కనబడే కాల్స్‌ను ఆపే వ్యవస్థను ప్రారంభించింది. మొదటి 24 గంటల్లో ఆపినవి 1.35 కోట్లు. బ్యాంకులు, బీమా సంస్థలు తమ సేవల కాల్స్‌ను 1600తో మొదలయ్యే నంబర్ల నుంచే చేయాలన్న నియమం వచ్చింది. మోసమని తెలియగానే ఫోన్ చేయాల్సిన నంబరు 1930. పోలీసులమని ఫోన్‌లో బెదిరించి చేసే ‘డిజిటల్ అరెస్ట్’ అనేది చట్టంలో ఎక్కడా లేదని ప్రధాని స్వయంగా 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో చెప్పాల్సి వచ్చింది.

ఇంకొక ప్రయత్నం, పిలిచేవాళ్ల పేరు తెరమీద చూపడం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో దీన్ని సిఫారసు చేసింది. పేరును ఏదో యాప్ ఊహించదు. సిమ్ తీసుకున్నప్పుడు దరఖాస్తులో రాసిన పేరే వస్తుంది. ఓడ రేడియోలో ముందు పేరు చెప్పే పద్ధతి ఇన్నేళ్లకు ఫోన్‌లోకి వస్తున్నట్టు. ఆలోచన మంచిదే, కానీ తెలుగిళ్ల లెక్క వేరు. అమ్మ ఫోన్‌లోని సిమ్ నాన్న పేరు మీద, కోడలిది కొడుకు పేరు మీద, కాలేజీ పిల్లది మేనమామ పేరు మీద ఉండటం మామూలే. అమ్మ పిలిస్తే నాన్న పేరు కనబడుతుంది. అద్దెకిచ్చిన సిమ్‌లతో మోసం చేసేవాడికీ ఎవరో ఒక అమాయకుడి పేరు దొరుకుతుంది. వాట్సాప్ కాల్స్‌కు ఈ పద్ధతి వర్తించనే వర్తించదు. గొంతు గుర్తుపట్టడం కూడా ఇక భద్రం కాదు. మూడు సెకన్ల నమూనా వింటే ఎవరి గొంతునైనా అనుకరించే నమూనాను మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2023 జనవరిలోనే చూపించారు. కుటుంబంలో ఒక గుర్తుమాట పెట్టుకోవడం, డబ్బు అడిగితే ఫోన్ పెట్టేసి తెలిసిన నంబరుకు తామే తిరిగి చేయడం: సాంకేతికత ఇంత దూరం వచ్చినా ఇవాళ్టికి గట్టి కాపలా ఇవే.

పేరు కనబడే ఈ సౌకర్యానికి ఇంకో హద్దు ఉంది. ముందుగా 4జీ, ఆ పై తరం నెట్‌వర్క్‌లకే దీన్ని తేవాలని టెలికాం శాఖ అభిప్రాయపడింది. 2జీలో పేరు పంపడం సాంకేతికంగా కష్టం. దేశంలో ఇప్పటికీ కోట్లమంది చేతుల్లో ఉన్నవి 2జీ కీప్యాడ్ ఫోన్లే. డేటా వాడనివాళ్లకు మాటకూ ఎస్ఎంఎస్‌కూ సరిపడే వేరే ప్యాక్ ఇవ్వాలని ట్రాయ్ 2024 డిసెంబరులో ఆదేశించింది ఇలాంటివాళ్ల కోసమే. రైతుబజారులో కూరలమ్మే పెద్దావిడ, పింఛన్ మీద బతికే విశ్రాంత కార్మికుడు: మోసగాళ్లు ముందుగా వెతికేదీ వీళ్లనే. 999 రూపాయల 4జీ కీప్యాడ్ ఫోన్‌ను జియో 2023 జులైలో తెచ్చింది. అందులో వేరే కంపెనీ సిమ్ పనిచేయదు. బీఎస్ఎన్ఎల్ నంబరును ఇరవై ఏళ్లుగా దాచుకున్నవాళ్లు ఆ ఫోన్ కొనాలంటే కంపెనీ మారాలి, లేదంటే ఇంకొంత పెట్టి వేరే ఫోన్ కొనుక్కోవాలి.